బోర్డు పద్ధతి సేద్యం

తొంభై రోజుల తర్వాత కలుపు మొక్క అన్నది పాఠ్యపుస్తకాల్లో బొమ్మగా తప్ప ఇంకెక్కడా కనపడదని వ్యవసాయ మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను ఆయన వెనకే నిచ్చెన మీద ఉన్నాను. ‘కలుపు లేని నేల’ అని రాసిన బ్యానర్‌లో చివరి అక్షరం ఇంకా ఆరలేదు. నేను కుంచె తీసేలోపే ఆయన యుద్ధం ప్రకటించేశారు. అంత వేగం ఉన్న నాయకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

“మనం దున్నిన నేల, మనం పెట్టిన నీళ్లు. అందులో మనం పిలవని మొక్క ఎందుకుండాలి? ఎవరిచ్చారు పర్మిషన్?” అని గర్జించారు.

ఎవరూ ఇవ్వలేదని సభంతా చప్పట్లతో ఒప్పుకుంది. అంతకుముందు ఆయన ఓడరేవుల మంత్రి, దానికి ముందు క్రీడల మంత్రి. వ్యవసాయం చేతికొచ్చి మూడు వారాలే అయినా, ఇన్నాళ్లూ రైతులకు తట్టని ప్రశ్న ఆయనకు తట్టింది.

నేను సైన్‌బోర్డులు రాసుకుని బతికేవాణ్ణి. ఏ పథకం వచ్చినా అందరికంటే ముందు లాభపడేది నేనే, అందుకని పథకాలంటే నాకు భక్తి. ఈ పథకానికి మొదటి వారంలోనే నలభై బోర్డులు రాశాను. అన్నీ మందపాటి ప్లైవుడ్డే. రాయించింది మిషన్ డైరెక్టర్‌గారు. ఆఫీసులో ఆయన్ని టార్గెట్ సారు అంటారు, ఆయన ఎదుట తప్ప.

టార్గెట్ సారు ఆఫీసు పక్కనే ఒక ఎకరంలో మాదిరి క్షేత్రం పెట్టారు. మొక్కజొన్న వేయించి, మూడుసార్లు కలుపు మందు కొట్టించారు. రాలిన ఎండుటాకులు కూడా నేల మీద ఉండకూడదని చీపురుతో ఊడిపించారు. నేల ఎంత శుభ్రంగా తయారైందంటే, సారు ఒక మధ్యాహ్నం చెప్పులు గట్టున విడిచి భక్తిగా లోపలికి వెళ్లి, అరికాళ్లు చుర్రుమనగానే గెంతుకుంటూ బయటికొచ్చారు. వాన పడితే నీళ్లు ఇంకేవి కావు, నేరుగా జారి ఆఫీసు మెట్లెక్కేవి.

“చూశావా, మన నేల ఒక్క చుక్క కూడా దాచుకోదు. అంత పారదర్శకత!” అన్నారు సారు నాతో.

మొక్కజొన్న మోకాలెత్తులో ఆగిపోయి పసుపుపచ్చగా మారింది. క్రమశిక్షణ అలవాటయ్యేదాకా ఆ మాత్రం బెరుకు సహజమని ఆయనే వివరించారు.

ఇబ్బందల్లా కంచెకు అవతల ఉన్న అరెకరంతోనే వచ్చింది. అది మా పెద్దత్తది. మా నాన్నకి అక్క, ఎవరి మాటా వినని మనిషి. ఆవిడా మొక్కజొన్నే వేసింది, దాని కాండాల మీదకి చిక్కుడు పాకించింది. పంట చిన్నగా ఉన్న మొదటి నలభై రోజులూ వంచిన నడుం ఎత్తకుండా కలుపు తీస్తుంది. తీసింది బయట పారెయ్యదు, వేళ్లు పైకి పెట్టి వరసల మధ్యే పరుస్తుంది. పంట తలెత్తాక కింద మిగిలిన చిన్నాచితకా గడ్డి జోలికి పోదు. అలాంటి పొలం ప్రభుత్వ ఆఫీసు కిటికీలోంచి కనపడడం ఎంత అవమానమో మీరే ఆలోచించండి.

ఒక ఉదయం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నేను బోర్డు మోసుకుని అతని వెనకే వెళ్లాను.

“అమ్మా, మీ పొలంలో కలుపుంది.”

“ఉంది బాబూ. నాక్కావాల్సినంతే ఉంది.”

“కావాల్సినంత కలుపు అని రూల్స్‌లో లేదమ్మా. వారం టైమిస్తున్నాం. తియ్యకపోతే మేమే మందు కొడతాం.”

“కొడితే గడ్డితో పాటు నా చిక్కుడు కూడా మాడిపోతుంది కదయ్యా! పూతా కాతా మీదుంది, కనపడట్లా?”

“చిక్కుడు గురించి నాకు ఆర్డర్స్ లేవమ్మా.”

అతను వెళ్లిపోయాక అత్త నేను పాతిన బోర్డు దగ్గరికొచ్చి చదివింది. ‘హెచ్చరిక! ఈ పొలంలో కలుపు ఉన్నది. గురువారం మందు కొట్టబడును’ అని ఎర్ర రంగులో, నీడ అక్షరాలతో రాశాను.

“సొంత మేనత్త పొలానికి ఇంత అందంగా రాశావేంట్రా?”

“పని పనే కదత్తా.”

“ఏడ్చినట్టుంది నీ పని!” అంటూనే దాన్ని ఒక్క లాగు లాగి, కర్ర ఊడగొట్టి, పలకని రెండు వరసల మధ్య బోర్లా పడేసింది. చిక్కుళ్లు కోసేటప్పుడు తడినేలని తొక్కితే గట్టిపడిపోతుంది, చెక్క మీద నిలబడితే ఆ బాధ ఉండదట. ఆ సాయంత్రమే దాని మీద నిలబడి గంపెడు కాయలు కోసింది. నాకు మాత్రం లోపల బెంగగానే ఉంది. ఆ చిక్కుడు పోతే అత్త ఏడాదంతా ఏం తింటుంది? ఆ సంగతి బోర్డులో రాయమని నాకెవరూ చెప్పలేదు.

గురువారం కార్యక్రమం అచ్చు వేసి పంచారు. పదింటికి పరిశీలక బృందం మాదిరి క్షేత్రంలో వానపాముల్ని లెక్కించును. పదకొండింటికి మంత్రిగారు స్వహస్తాలతో పక్క పొలంలో మందు కొట్టెదరు. పంపుకి రిబ్బన్లు కూడా కట్టారు.

వానపాముల మాట, పథకాన్ని తనిఖీ చెయ్యడానికొచ్చే పరిశీలక బృందం పెట్టిన షరతు. దాని పెద్ద ఒక నేలల శాస్త్రవేత్త, అందరూ మట్టి మేడమ్ అంటారు. నేల బాగుందని ఆవిడ కాగితం చూసి నమ్మదట. ఇనప చట్రం ఒకటి నేల మీద పెట్టి, అందులో ఆవపిండి కలిపిన నీళ్లు పోస్తుంది. ఆ ఘాటుకి లోపలి వానపాములు పైకొస్తాయి, ఆవిడ లెక్కపెడుతుంది.

బుధవారం టార్గెట్ సారు రిహార్సల్ చేయించారు. పోసిన ఆవనీళ్లు ఇంకకుండా చట్రం కిందనుంచి జారి ఆయన బూట్లని తడిపాయి.

“ఎన్ని?” అన్నారు.

“సున్నా సార్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“వెరీ గుడ్. కలుపు సున్నా అనేగా మన టార్గెట్.”

“ఇది వానపాముల సున్నా సార్.”

సారు ఒక్క నిమిషం ఆలోచించారు. సమస్య వస్తే ఆయన ముఖంలో ఒక వెలుగు వస్తుంది, అది మామూలు అధికారులకి రాదు.

“పక్క పొలంలో ఉన్నాయా?”

“ఎక్కడ తవ్వితే అక్కడ ఉన్నాయి సార్.”

“అయితే యాభై మందిని... యాభైటిని డిప్యుటేషన్ మీద తీసుకురండి.”

“రేపు ఆ పొలానికి మందు కొడుతున్నాం కదా సార్?”

“అందుకే ఇవాళ తెమ్మంటున్నాను!”

ఇన్‌స్పెక్టర్ చేతిలో బకెట్ చూసి అత్త నవ్వింది. “తీసుకెళ్లు బాబూ, నాకేం లోటు లేదు. కానీ అక్కడ ఉండవు. పైన నీడ లేదు, కింద తిండి లేదు, నేల పెనంలా కాలుతోంది. నువ్వయితే ఉంటావా?”

“పోస్టింగ్ ఇస్తే ఉండాలి కదమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతను మూడేళ్లుగా ఇంటికి దూరంగా పనిచేస్తున్నాడు.

యాభైనీ లెక్కపెట్టి మాదిరి క్షేత్రంలో వదిలారు. దూరదామంటే నేలలో సందు దొరక్క అవి పైపైనే తిరిగాయి. కొన్నిటి సంగతి గోరింకలు చూసుకున్నాయి. గురువారం తెల్లారుతూనే జల్లు పడింది. ఎనిమిదింటికి చూస్తే ఒక్కటి లేదు. ‘రిలీవింగ్ ఆర్డర్ లేకుండా విధుల నుంచి వైదొలగినవి’ అని ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్లో రాసుకున్నాడు.

పదింటికి మంత్రిగారొచ్చారు. మట్టి మేడమ్ చట్రం పెట్టి ఆవనీళ్లు పోసింది. అందరూ వంగి చూశాం. చివరికి నీళ్లలో మంత్రిగారి ముఖం మాత్రం కనపడింది.

“ఏం లేవు,” అంది మేడమ్.

మంత్రిగారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. “కార్యక్రమం ఆలస్యమవుతోంది, మందు ఎక్కడ కొట్టాలి?” అంటూ పంపు వీపుకి తగిలించుకుని, కంచె దాటి అత్త పొలంలో అడుగుపెట్టారు. అత్త చిక్కుడు తీగ ముందు చేతులు బారజాపి నిలబడింది. పైపు గురిపెట్టిన మంత్రిగారు హఠాత్తుగా ఆగిపోయి కిందకి చూశారు. బోర్లాపడ్డ పలక అంచున నా ఎర్ర రంగు కనపడింది.

“ఇది మన శాఖ బోర్డు కాదూ? ప్రభుత్వ బోర్డుని మట్టిలో పడేస్తారా! ఎత్తండి ముందు!”

ఇన్‌స్పెక్టర్ పరుగున వచ్చి ఎత్తాడు. కింద చల్లటి నల్లమట్టి, ఆ మట్టినిండా వానపాములు. మట్టి మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని చిన్నపిల్లలా నవ్వేసింది. “అబ్బ! ఇరవై మూడు! ఇంత చిన్న చోట!” విలేకరులంతా ఫొటోలకి ఎగబడ్డారు.

మంత్రిగారు టార్గెట్ సారు వైపు తిరిగారు. “ఏంటిది?”

“బోర్డు పద్ధతి సార్,” అన్నారు సారు. ఆయన ముఖంలో ఆ వెలుగు మళ్లీ వచ్చింది. “మన శాఖ బోర్డు నేలకి తగిలితే చాలు సార్, వానపాములు వాటంతటవే వచ్చేస్తాయి.”

“బోర్డేంటయ్యా!” అంది అత్త. “ఈ గడ్డి కింద కూడా ఉన్నాయి, ఆ ఆకుల కింద కూడా ఉన్నాయి. కప్పి ఉంచితే ఎక్కడైనా ఉంటాయి, కావాలంటే చూడండి!”

మట్టి మేడమ్ చూసింది. ఆవిడొక్కతే చూసింది.

“మరి మందు సంగతేంటి బాబూ?” అని అడిగింది అత్త.

“ఏం మందు?” అన్నారు మంత్రిగారు ఆశ్చర్యంగా. పంపు అప్పటికే డ్రైవర్ వీపు మీదుంది. “బోర్డు పెట్టిన పొలాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఇది నా ఆర్డర్!”

అత్త కళ్లు తుడుచుకుంది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, నేనూ తుడుచుకున్నాను.

మరుసటి సోమవారానికి ‘కలుపు లేని నేల’ బ్యానర్ తీసేసి ‘బోర్డున్న నేల’ బ్యానర్ రాశాను. ప్రతి పొలానికీ బోర్డు, మొదటి విడతగా వెయ్యి. మాదిరి క్షేత్రంలో అడుగడుక్కీ బోర్డులు పరచాలని నిర్ణయించారు. చోటు చాలడం లేదని మొక్కజొన్న పీకేశారు.

నేను కుంచె పట్టుకుని టార్గెట్ సారు దగ్గరికెళ్లాను. “ఏం రాయమంటారు సార్?”

“అక్షరాలెందుకోయ్! మంత్రిగారి ముఖం వెయ్యి, పెద్దగా. నవ్వుతూ ఉండాలి.”

“వేస్తాను సార్. కానీ అత్త పొలంలో రాసిన వైపు మట్టిలోకి ఉంది, పైకి వట్టి చెక్కే కనిపిస్తోంది...”

“పద్ధతి పద్ధతే. ఒక్క అంగుళం కూడా మార్చడానికి వీల్లేదు.”

ఇప్పటికి రెండొందలు పూర్తయ్యాయి. నిన్న అత్త చిక్కుడుకాయలు ఇవ్వడానికి వచ్చి, ఆరబెట్టిన ముఖాల మధ్య జాగ్రత్తగా నడుస్తూ ఒకదాని ముందు ఆగింది.

“పళ్లు బాగా కుదిరాయిరా,” అంది. “లక్క కూడా పుయ్యి. కిందంతా తడిగా ఉంటుంది.”