తోయకుండా కదిలిన బస్సు

ఆ రోజుకు జమాల్ బాషా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు కల్యాణదుర్గంలో కొత్త బస్సు ఎక్కాలి, పది గంటలకు రాయదుర్గంలో దిగాలి. మధ్యలో బస్సుకు గీత పడకూడదు, జనానికి దెబ్బ తగలకూడదు. పదిహేనేళ్లుగా ఇదే దారిలో బస్సు నడుపుతున్న మనిషికి ఇదేమంత పెద్ద పని కాదు. కానీ ముందురోజు బస్సు యజమాని గురప్ప ఒక మాట అని అతని నిద్ర పాడుచేశాడు.

"జమాలూ, రేపు పది గంటలకు బండి నిండా జనంతో నా ముందర నిలబడాల. నిలబడిందా, డ్రైవరు సీటు నీది. ల్యాకపోతే మా మేనల్లుడు వెంకటరాముడు బళ్లారిలో లైసెన్సు తెచ్చుకోని వచ్చినాడు. యింగ నీ యిష్టం."

వెంకటరాముడు పక్కనే నల్లకళ్లద్దాలు పెట్టుకుని, అప్పటికే సీటు తనదైనట్టు దాని మీద దుమ్ము దులుపుతున్నాడు. జమాల్ బాషాకు స్టీరింగు తప్ప మరో విద్య రాదు. ఆ యాభై ఎనిమిదో సంవత్సరంలో వాన మొహం చాటేసింది, కూలిపని కూడా లేదు. పొద్దున అన్నం టిఫిను చేతికిస్తూ అతని భార్య గౌస్‌బీ అంది, "దర్గాలో చక్కెర చదివిస్తానని మొక్కుకున్నా. పది గంటలకు చేరండి, అంతే చాలు."

పాత బస్సు సంగతి చెప్పకపోతే కొత్త బస్సు కష్టం అర్థం కాదు. పాతదాని బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో ఎవరికీ గుర్తులేదు. ఆగిన ప్రతిచోటా మగవాళ్లంతా దిగి తోసేవారు. ఎవరూ అడగనక్కరలేదు. కండక్టరు తిప్పన్న వెనక చేరి ఒక విజిల్ కొట్టగానే అందరూ భుజాలు ఆనించేవారు, కాస్త ఊపు రాగానే జమాల్ క్లచ్ వదిలేవాడు. ఇంజను అందుకున్నాక ఆపితే మళ్లీ చస్తుంది. అందుకని తోసినవాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు దగ్గరో, వెనక నిచ్చెన మీదో ఎక్కేవారు. సగంమంది టాపు మీదే కూర్చుని, దరువేసుకుంటూ ఊరు చేరేవారు. డ్రైవరు వెనక్కి చూసే ఆచారం లేదు, చూడడానికి అద్దమూ లేదు. బ్రేకు మాత్రం ఉండేది. ఫర్లాంగు ముందు నుంచే లేచి నిలబడి తొక్కితే అది ఆగేది.

కొత్తదానికి మీట నొక్కితే చాలు, కదులుతుంది. అద్దం కూడా ఉంది గానీ, పూజనాడు గురప్ప భార్య దానికి చేమంతి దండలు, నిమ్మకాయలు, మిరపకాయలు దట్టంగా కట్టడంతో అందులో చేమంతులు తప్ప ఏమీ కనబడవు. అమ్మగారు కట్టినవాటిని విప్పే ధైర్యం జమాల్‌కు లేదు.

"తిప్పన్నా, యీ బండిని తోసే పనిల్యా. అందరూ ఎక్కినంక ఒకటే విజిలు కొట్టు. అది యినబడితే నేను పోతా" అన్నాడు జమాల్.

"తెలుసులేప్పా. నాకేమన్నా మతి ల్యాదా?" అన్నాడు తిప్పన్న.

అప్పటికే ఇరవై ఎనిమిది మంది మగవాళ్లు బస్సు వెనక చేరి, పంచెలు ఎగ్గట్టి సిద్ధంగా ఉన్నారు. తోయనక్కరలేదని నచ్చజెప్పి ఎక్కించేసరికి తిప్పన్న గొంతు పోయింది. వాళ్లు ఎక్కారు గానీ, పెళ్లికి పిలిచి అన్నం పెట్టకుండా పంపినట్టు మొహాలు పెట్టుకున్నారు.

తిప్పన్న విజిల్ కొట్టాడు. జమాల్ పాత అలవాటుగా యాక్సిలరేటరును అడుగుదాకా తొక్కాడు. బస్సు ఎగిరి దూకింది. మజ్జిగ కుండ సర్దుకుంటూ నిలబడి ఉన్న తిమ్మక్క, కుండతో సహా వెనక సీటులోని శ్రీరంగప్ప ఒళ్లో పడింది. శ్రీరంగప్ప బడిలో సైన్సు చెప్పే అయివారు. ఆయన పంచె మజ్జిగపాలైంది.

"యెవురప్పా నన్ను తోసినోడు?" అని లేచింది తిమ్మక్క.

"నిన్నెవురూ తోయల్యా తిమ్మక్కా. నిలకడగా ఉండేది నిలకడగానే ఉంటానంటాది. బస్సు ముందరికి పాయ, నువ్వు ఆడనే నిలిచిపోతివి. దీన్ని జడత్వమంటారు" అన్నాడు అయివారు పంచె పిండుకుంటూ.

"బస్సు నన్ను ఇడిసిపెట్టి పాయనా? మరి టికెట్టెందుకు కొట్టినావు తిప్పన్నా?"

తిమ్మక్క సగం టికెట్టు వాపసు ఇమ్మని పట్టుబట్టి, మైలురాయి దాటేదాకా వాదించింది.

రెండో మైలు దగ్గర, దూరంగా గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. జమాల్ ఫర్లాంగు ముందే లేచి నిలబడి, రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. బస్సు ఉన్నచోటే ఆగింది. లోపలివాళ్లు ఆగలేదు. తిమ్మక్క వచ్చి జమాల్ వీపుకు కరుచుకుంది. ఆమె వెనక అయివారు, ఆయన వెనక తిప్పన్న. టాపు మీది వేరుసెనగ మూట గాల్లోకి లేచి, బస్సు ముందు రోడ్డు మీద పడి పగిలింది. తమ దారిన తాము పోతున్న గొర్రెలు అది చూసి ఫర్లాంగు పరిగెత్తుకుని వచ్చాయి.

గొర్రెల్ని తోలడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

"ఇది గూడా జడత్వమే. పోతాండేది పోతానే ఉండాలంటాది" అన్నాడు అయివారు నుదురు తడుముకుంటూ.

"ఇందాక నిలబడాలంటాదంటివి, ఇప్పుడు పోవాలంటాదంటావు. ముందు నువ్వు ఒక మాట మింద నిలబడు అయివారూ" అని, తిమ్మక్క జమాల్ వైపు తిరిగింది. "ఇంగొకసారి ఆ బ్రేకు జోలికి పోతే కాలు యిరిచి చేతిలో పెడతా!"

ఆడవాళ్లు పదకొండు మందీ అదే మాట అన్నారు. జమాల్ తలూపాడు. సగం దారిలో టీ అంగడి వచ్చినప్పుడు బ్రేకు ముట్టకుండా, ఇంజను కట్టేసి, బస్సు దానంతటది దొర్లి దొర్లి ఆగేదాకా వదిలేశాడు. అంగడి దాటి చాలాదూరం పోయింది. మగవాళ్లు వెనక్కి నడిచి వెళ్లి టీ తాగారు.

టీ అయ్యాక మగవాళ్లు బస్సు దగ్గరికి తిరిగొస్తుండగా జమాల్ మీట నొక్కాడు. కొత్త ఇంజను ఎంత మెత్తగా అందుకుందంటే, పక్కనున్నవాడికి కూడా వినబడలేదు. పాత బస్సయితే ఇంజను అందుకుంటే ఊరంతా లేచేది. చప్పుడు లేదు గనక బస్సు చచ్చిందనుకుని, గ్లాసులు కింద పెట్టి వచ్చిన మగవాళ్ల కాళ్లు నేరుగా బస్సు వెనక్కి నడిచాయి. తోయొద్దన్న మాట పొద్దున చెవులు విన్నాయి గానీ కాళ్లకు చేరలేదు. అందరికన్నా ముందు భుజం ఆనించినవాడు శ్రీరంగప్ప అయివారు. తిప్పన్న తన చోట నిలబడి, పదిహేనేళ్లుగా కొట్టినట్టే విజిల్ కొట్టాడు.

అందరూ ఎక్కారనుకుని జమాల్ బండిని ముందుకు దూకించాడు.

బస్సు పోయింది. ముందుకు వంగిన ఇరవై తొమ్మిది మందికి ఆనుకోవడానికి ఏమీ మిగల్లేదు. తిప్పన్నతో సహా అందరూ ఒకరి మీద ఒకరు కుప్పగా పడ్డారు. అడుగున అయివారు ఉన్నాడు. ఆయన ఏదో వివరిస్తున్నట్టు వినబడింది గానీ ఎవరికీ అర్థం కాలేదు.

బస్సులో తిమ్మక్క కేక పెట్టింది. "ఆపప్పా! ఆపు!"

"ఆపితే కాలిరుస్తానంటివి గదక్కా" అన్నాడు జమాల్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"మొగోళ్లు ల్యారప్పా!"

"టాపు మింద ఉంటార్లే. యెప్పుడూ ఆడనే గదా."

రెండు మైళ్లు పోయాక జమాల్‌కు అనుమానం వచ్చింది. టాపు మీద ఎవరూ దరువెయ్యడం లేదు. నెమ్మదిగా ఆపి, నిచ్చెన ఎక్కి చూశాడు. మూటలున్నాయి, ఒక గంపలో కోళ్లున్నాయి. మనుషులు లేరు. నిండా జనంతో నిలబడాలన్న బస్సులో పదకొండు మంది ఆడవాళ్లు, ఆరు కోళ్లు!

వెనక్కి తిప్పుకుందామంటే రోడ్డు సన్నం, రెండు పక్కలా గుంతలు. రివర్సు గేరు వేద్దామంటే అతను జీవితంలో వెయ్యలేదు, పాత బస్సుకు అది ఉండేది కాదు. మరో మైలు ముందుకు పోయి, వాన లేక ఎండిపోయిన వంకలో బస్సును తిప్పుకుని టీ అంగడికి వచ్చాడు. అక్కడ ఎవరూ లేరు.

"అడ్డదారిన వంక కాడికి పాయిరప్పా, ఆడ నువ్వు దొరుకుతావని" అన్నాడు అంగడివాడు.

జమాల్ అంగడి పక్క బయల్లో బస్సును తిప్పుకుని వంక దగ్గరికి పరిగెత్తించాడు. అక్కడ మనుషుల అడుగులు కనిపించాయి, మనుషులు లేరు. ఇసుకలో బస్సు వెనక్కి తిరిగిన గుర్తులు చూసి, వాళ్లు మళ్లీ అడ్డదారిన టీ అంగడికి వెళ్లారు. జమాల్ టీ అంగడికి వచ్చేసరికి, బస్సు రాలేదని వాళ్లు మళ్లీ వంకకు బయల్దేరారు. మూడోసారి అంగడివాడు అడిగాడు, "మీరంతా ఏమి ఆట ఆడతాండారప్పా?"

"పా రాయదుర్గానికి. వాళ్లకు కాళ్లు ల్యావా?" అంది తిమ్మక్క. ఆడవాళ్లంతా సరేనన్నారు. జమాల్‌కు ఏది సరో ఏది కాదో తోచడం మానేసి అప్పటికి గంటయింది. సరేనన్నాడు.

పన్నెండున్నరకు కొత్త బస్సు రాయదుర్గం చేరింది. గురప్ప వాడిపోయిన దండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేళగాళ్లు ఒకసారి వాయించి, అన్నం తిని, మళ్లీ వచ్చారు.

"మొగోళ్లు యాడప్పా?"

"తోసేదానికి దిగినారన్నా."

"కొత్త బండిని తోసేదేమి?"

"అదే నాకూ తెలీడం ల్యా."

గురప్ప చెయ్యి చాపాడు. జమాల్ బస్సు తాళం ఆ చేతిలో పెట్టాడు. వెంకటరాముడు కళ్లద్దాలు సవరించుకుని సీటెక్కాడు. "మూడు గంటలకల్లా అందర్నీ తెస్తా మామా, సూడు" అని హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

జమాల్ బస్టాండు అరుగు మీద కూర్చున్నాడు. టిఫిను విప్పబుద్ధి కాలేదు. పది గంటలకు చేరితే చాలని మొక్కుకున్న మనిషికి ఇంటికెళ్లి ఏం చెప్పాలో తెలియలేదు. నిజంగా ఏడుపొచ్చింది. మేళగాళ్లు చూస్తున్నారని ఆపుకున్నాడు.

మూడు గంటలకు హారన్ వినబడింది. బస్సు చెప్పినట్టే వచ్చి, గురప్ప ముందు ముచ్చటగా ఆగింది. వెంకటరాముడు కిందికి దూకాడు.

"తెచ్చినా మామా! యిరవై తొమ్మిది మంది. ఎక్కేటప్పుడు లెక్కబెట్టుకున్నా."

గురప్ప తలుపు తీశాడు. లోపల శ్రీరంగప్ప అయివారు ఒక్కడే కూర్చున్నాడు, మోకాలికి తువ్వాలు కట్టుకుని.

"తక్కినోళ్లు యాడ అయివారూ?"

"వంకలో ఇసకకు బండి ఒక్క గడియ నిలబడింది. నిలబడిందా, దిగినారు. తోసినారు. ఇసక ఇడిసిపెట్టినంక బండి దూకింది. ఆడ పడినారు" అన్నాడు అయివారు. "మోకాలు నొస్తాండాది గాబట్టి నేను దిగల్యా. ల్యాకుంటే నేనూ ఆడనే ఉందును. డ్రైవరుకు చెప్దామని పోతే, బండి నడిచేటప్పుడు మాట్లాడొద్దన్నాడు."

గురప్ప మేనల్లుడి వైపు చూశాడు, బస్సు వైపు చూశాడు, ఎవరిని తిట్టాలో తెలియక మేళగాళ్లను తిట్టాడు.

తక్కినవాళ్లు పొద్దువాలేసరికి ఎద్దుల బండ్ల మీద వచ్చారు. ఒంటినిండా ఇసుక. గురప్ప చేతులు జోడించబోయాడు గానీ వాళ్లు మాట్లాడనివ్వలేదు.

"యిరవై ఎనిమిది మందిమి తోస్తాంటే, ఒక మాట చెప్పకుండా పోతాదా బండి? మర్యాదుండాదా దానికి?" అన్నాడొకడు.

"రెండుసార్లు!" అన్నాడు తిప్పన్న, అతను కూడా వాళ్లలో ఒకడై.

"తోయనిచ్చే బండైతే ఎక్కుతాం గురప్పా. ల్యాకుంటే ఎద్దులబండ్లు ఉండాయి. అవి మాకోసరం నిలబడతాయి."

తోయొద్దని గురప్ప గంటసేపు బతిమాలాడు. వాళ్లు సరేనన్నారు. సరేనంటూనే, అక్కడ ఆగి ఉన్న బస్సు వెనక్కి నడిచి, దానికి ఆనుకుని నిలబడ్డారు. గురప్పకు కళ్లు తిరిగాయి.

అప్పుడు జమాల్ అరుగు దిగి వచ్చాడు. బానెట్టు ఎత్తి, స్పానరుతో రెండు తిప్పులు తిప్పి, స్టార్టరు తీగను ఊడబెరికి గురప్ప చేతిలో పెట్టాడు.

"వాళ్లను మార్చలేమన్నా. బండిని మార్చొచ్చు."

గురప్ప తీగను చూసి, మేనల్లుణ్ణి చూశాడు. "వెంకటరాముడూ, యిది ల్యాకుండా నడుపుతావా?"

"స్టార్టరు ల్యాకుండా బండెట్ల నడుస్తాది మామా?" అన్నాడు వెంకటరాముడు.

మర్నాడు పొద్దున రాయదుర్గం బస్టాండులో ఇరవై ఎనిమిది మంది పంచెలు ఎగ్గట్టి భుజాలు ఆనించారు. అయివారు మోకాలి నొప్పితోనే దిగి వాళ్లతో చేరాడు. విజిల్ మోగింది. బస్సు మొదట కదలనంది, తరువాత బద్ధకంగా కదిలింది. సరిగ్గా ఊపందుకున్న క్షణంలో జమాల్ బాషా క్లచ్ వదిలాడు. ఇంజను అందుకుంది. అందరూ నవ్వుకుంటూ పరిగెత్తి, ఎక్కారు. టాపు మీద దరువు మొదలైంది. ఆ దరువు వింటే జమాల్‌కు ప్రాణం లేచొచ్చింది. సీటు అతని కిందే ఉంది.

కొత్త బస్సు ఎట్లుందని తరువాత ఎవరడిగినా జనం ఒకటే మాట చెప్పేవారు. "బాగుండాదప్పా. పాతదానికన్నా రవ్వంత బరువు."