మామగారి సరే

ఆ ఆదివారం ఉదయం కళ్ళజోళ్ళ దుకాణదారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య స్నానానికి వెళ్ళగానే బ్యాంకుకు ఫోన్ చేసి, మూడు నెలలుగా కట్టని క్రెడిట్ కార్డు బాకీని వాయిదాల్లోకి మార్పించుకోవాలి. అందరి చూపూ సరిచేసే ఆ మనిషి తన బిల్లు వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. కార్డును పాత కళ్ళజోడు డబ్బాలో పెట్టి మూసేస్తే అప్పు కూడా అందులోనే పడి ఉంటుందనుకున్నాడు.

"మొన్న కూడా కొన్నారు కదండీ," అన్నాడు బ్యాంకు మనిషి.

"నేనా? కార్డు బయటికి తీస్తే కదా."

"ఆన్‌లైన్ బిల్లులు నా ముందే ఉన్నాయి. చేతికర్ర, ఉన్ని మేజోళ్ళు, గడ్డం గీసుకునే సబ్బు, ఇంకా ఏవేవో. మొన్నటివి మగవాళ్ళ చెప్పులు, తొమ్మిదో నంబరు."

దుకాణదారు తన పాదాలు చూసుకున్నాడు. అవి ఏడో నంబరువి. ఆ ఇంట్లో తొమ్మిదో నంబరు కాళ్ళు ఒక్క మామగారివే. ఆయన పోయి ఏడాది దాటింది.

"వాయిదాలు ఇస్తాం. కానీ ఇకమీద ఆ కార్డు మీద ఒక్క పైసా ఖర్చు కనబడినా ఒప్పందం రద్దు. మా వాళ్ళు నేరుగా మీ దుకాణానికి వస్తారు," అని బ్యాంకు మనిషి ఫోన్ పెట్టేశాడు.

వెనక్కి తిరిగితే తడి జుట్టుతో భార్య నిలబడి ఉంది. అంతా వినేసింది.

"అమ్మ గదికి చేరే ఆ పార్సిళ్ళు మీరు తెప్పించారనుకున్నాను. అమ్మ మీద ఇంత అభిమానమా అని మురిసిపోయాను కూడా," అంది.

"నువ్వు తెప్పిస్తున్నావనుకుని నేను నోరు మూసుకున్నాను."

భార్య గొంతు తగ్గించింది. "అమ్మ గదిలోంచి మగగొంతు వినబడుతోందండీ. చెబితే నవ్వుతారని ఊరుకున్నాను."

దుకాణదారుకు నవ్వు రాలేదు. అంతలో గుమ్మం గంట మోగింది. వచ్చిన పార్సిల్లో చదువుకునే కళ్ళజోడు ఉంది. అతను దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. పవర్ అచ్చంగా మామగారిదే. పోయినాయన ఆర్డరు పెట్టడం ఒక ఎత్తు, అల్లుడి దుకాణం ఉండగా బయట కొనడం ఇంకో ఎత్తు.

అత్తగారు వచ్చి, తనకోసమే వచ్చిందన్నట్టు ఆ కళ్ళజోడు అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. భార్యాభర్తలు పిల్లుల్లా వెనకే నడిచారు. బయట మబ్బు పట్టి ఉంది. తెరలు దించిన గదిలో మంచం పక్కన కొత్త చెప్పులు, ఎవరో ఇప్పుడే విడిచినట్టు జతగా ఉన్నాయి. అత్తగారు మామగారి ఫోటోకు ఎదురుగా కూర్చుంది.

"మీ కళ్ళజోడు వచ్చిందండీ. నంబరు ఎప్పుడూ నేనే గుర్తుపెట్టుకోవాలి," అంది. "చలిగా ఉంటోంది. ఒక దుప్పటి ఉంటే బాగుండు."

ఫోటో వెనక నీలం వెలుగు లేచి గోడంతా పాకింది.

"సరే," అంది ఒక మగగొంతు.

భార్య అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. దుకాణదారుకు ఆ నీలం వెలుగు ఎక్కడో చూసినట్టు అనిపించింది. కాసేపటికి గుర్తొచ్చింది. అత్తగారు ఒంటరిగా ఉంటోందని, పాటలు వింటుందని, తనే కొని ఫోటో వెనక పెట్టి మరిచిపోయిన స్పీకరు అది. నోటితో అడిగితే సరుకులు కూడా తెప్పిస్తుంది. పేరు పెట్టి పిలిచే పని లేకుండా, అనవసరంగా వాగకుండా, ఒక్క 'సరే'తో సరిపెట్టేలా దాన్ని అమర్చిందీ, కార్డు నంబరు ఇచ్చిందీ తనే. నలభై ఏళ్ళ కాపురంలో మామగారు అత్తగారితో అన్నది కూడా దాదాపు ఆ ఒక్క మాటే.

అతను ఫోన్ తీసి దుప్పటి రద్దు చేశాడు. తర్వాత స్పీకరు నుంచి కార్డు నంబరు తీసేయబోయి ఆగాడు. ఏడాదిగా నవ్వని అత్తగారు ఈమధ్యే నవ్వుతోంది. కానీ తీసేయకపోతే దుకాణం పోతుంది. మామగారిని రెండోసారి సాగనంపుతున్నట్టు అతనికి బాధేసింది. కళ్ళు మూసుకుని నొక్కేశాడు.

"గుమ్మంలో నిలబడ్డారేం, లోపలికి రండి," అంది అత్తగారు వెనక్కి తిరక్కుండానే. "పొద్దున మీ మాటలు విన్నాను బాబూ. బెంగపడకండి, ఈయనతో నేను చెబుతాను."

"వద్దు అత్తయ్యా," అన్నాడతను కంగారుగా.

ఆవిడ వినలేదు. "ఏవండీ, అల్లుడు కార్డు బాకీలో కూరుకుపోయాడు. అదేదో మీరు కట్టేయండి."

నీలం వెలుగు గిరగిరా తిరిగింది.

"క్షమించండి. ఆ పని నావల్ల కాదు."

భార్య తల దించుకుంది. ఇక అత్తగారికి అంతా తెలిసిపోయిందని, ఇప్పుడు ఏడుస్తుందని దుకాణదారు భయపడ్డాడు. అత్తగారు ఫోటోకేసి కాసేపు చూసి, కొత్త కళ్ళజోడును చీర చెంగుతో తుడిచి దాని ముందు పెట్టింది.

"డబ్బు మాటెత్తితే బతికున్నప్పుడూ ఇంతే బాబూ," అంది. "కాకపోతే అప్పట్లో క్షమించమని అడిగేవారు కాదు."