యాంటీవైరస్ మీద ఒట్టు

ఆ పొద్దున హాజీ మిత్వల్లీ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళి రోటర్‌డ్యామ్ కొనుగోలుదారుకు సంతకం చేసిన ఒప్పందం మెయిల్ చెయ్యాలి, టీ తాగాలి, ఇంటికొచ్చి నడుం వాల్చాలి. మధ్యాహ్నంలోగా అది అందకపోతే ఆ కొనుగోలుదారు ఇంకొకరిని చూసుకుంటాడు. అమ్మాల్సిన నారింజలేమో అప్పటికే అలెగ్జాండ్రియా రేవు ముందు లారీల్లో ఎండుతున్నాయి.

మెయిల్ కదల్లేదు.

"సర్వర్ అందట్లేదంటోంది హాజీగారూ," అంది గుమాస్తా ఇన్సాఫ్. "నిన్న సాయంత్రం మీ బావగారొచ్చి కొత్త యాంటీవైరస్ వేసి వెళ్ళారు. పోయే మెయిలునల్లా అదే పట్టుకుంటోందని నా అనుమానం."

చెల్లెలి మొగుడు రష్వాన్‌కు కంప్యూటర్ల దుకాణం ఉంది, దాన్ని మించిన పౌరుషమూ ఉంది. కబురందగానే ఊడిపడ్డాడు.

"ఊరికే వేసిచ్చినందుకు నా మీదకే తోస్తారా బావా? తప్పు నా యాంటీవైరస్‌దని తేలితే నా పెళ్ళానికి తలాక్. ఒట్టు."

ఆ పెళ్ళాం మిత్వల్లీ సొంత చెల్లెలు కరీమాన్. ఇక యాంటీవైరస్‌ను ఆపి చూడటమంటే ఆమె కాపురాన్ని ఆపి చూడటమే.

కాబట్టి దోషి ఇంకెవరైనా కావాలి. తీగ మార్చారు. రూటర్‌ను పీకి, బిస్మిల్లా అని మళ్ళీ పెట్టారు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, "యాంటీవైరస్ ఆపి చూశారా సార్?" అంది అక్కడి అమ్మాయి.

"అదొక్కటీ తప్ప ఇంకేదైనా చెప్పు తల్లీ," అన్నాడు మిత్వల్లీ నీరసంగా.

ఒప్పందాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క దుకాణం నుంచి పంపుతానంది ఇన్సాఫ్. యాంటీవైరస్ పెన్‌డ్రైవ్‌ను కూడా దొంగసరుకని పట్టి ఉంచింది.

"చూశారా, ఎంత గట్టిదో," అన్నాడు రష్వాన్ మురిసిపోతూ.

మిత్వల్లీకి ఏడుపొక్కటే తక్కువ. అంతలో మొగుడికి అన్నం కారియర్ పట్టుకుని కరీమాన్ వచ్చింది.

"మొహాలలా వేలాడేశారేం అన్నయ్యా?"

"ఏం లేదమ్మా. నారింజలదేముంది, వచ్చే ఏడు మళ్ళీ కాస్తాయి," అన్నాడు.

ఇన్సాఫ్ ఆపుకోలేక మొత్తం చెప్పేసింది. కరీమాన్ మొగుడి వైపు చూసింది.

"నా కాపురం ఈ డబ్బా మీద పందెం కాశావా? ఇన్సాఫ్, ఎక్కడ నొక్కాలి?"

నొక్కింది. మెయిల్ హాయిగా వెళ్ళిపోయింది. రష్వాన్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

మిత్వల్లీ మసీదు షేక్‌గారికి ఫోన్ చేసి, సంగతి చెప్పి, రష్వాన్ చేతికిచ్చాడు. షేక్‌గారికి ఇలాంటివి అలవాటే.

"విడిచిపెట్టాలనే అన్నావా, పంతానికన్నావా?"

"పంతానికేనండీ," అన్నాడు రష్వాన్.

"అయితే కాపురానికేం కాలేదు. పదిమంది పేదలకు అన్నం పెట్టు. నోరు అదుపులో పెట్టుకో."

రష్వాన్ హమ్మయ్యంటూ అల్హమ్దులిల్లా అన్నాడు. కరీమాన్ అనలేదు.

"ఆ పదిమందీ తిన్నాకే ఇంటికి రా," అని కారియర్ తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికి జవాబొచ్చింది. నారింజలు ఓడెక్కాయి. చెల్లెలు పెట్టె పట్టుకుని పుట్టింటికి వస్తుందేమోనని రోజంతా హడలిన మిత్వల్లీ తలుపు తీస్తే, పెట్టెతో నిలబడింది బావ. లోపలికొచ్చి చతికిలబడి, మూలనున్న కంప్యూటర్‌ను చూశాడు.

"ఇదేంటి బావా, దీనికి యాంటీవైరస్ లేదే?"

మిత్వల్లీ వంటింట్లోకి వెళ్ళి, పదిమందికి సరిపడా ఎసరు పెట్టించాడు.