గరాజ్‌లో ఎనిమిది డ్రాగన్లు

ఎదురింటి నీరజ్ రెండు రోజులుగా ఆఫీస్‌కి వెళ్లడం లేదని, ఉద్యోగం గాని ఊడిందేమోనని పక్కింటి గీతాంజలి మా ఆవిడ చెవిలో వేసిందట. టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో పట్టపగలు గరాజ్ తలుపు తెరిచి ఉంటే వీధికి వేరే అనుమానం రాదు. కంగారుగా వెళ్లి చూద్దును కదా, మనిషి నిక్షేపంలా ఉన్నాడు! బాసింపట్టు వేసుక్కూర్చుని కప్పకి రంగు వేస్తున్నాడు.

అయ్యా, బడిపిల్లలకు ప్రాజెక్టులివ్వడాన్ని మించిన లోకోపకారం లేదని నాకు ఆ క్షణాన తెలిసింది. ఉపకారం పిల్లలకు కాదండీ, తండ్రులకు!

నీరజ్ కూతురు సంహిత ఆరో తరగతి. ప్రాచీన చైనావాళ్లు కనిపెట్టినదేదైనా చేసి తెమ్మంది టీచరు. కాగితం చేస్తానంది పిల్ల. వాళ్లు చెట్టు బెరడూ, చింకిగుడ్డలూ, పాత వలలూ నానేసి, దంచి, పల్చగా పరిచి ఆరబెట్టారట. తను పార్శిల్ అట్టపెట్టెలు నానేస్తుందట.

కాగితమా! తండ్రి పరువేం కాను? అందుకని నీరజ్ భూకంపాల యంత్రం ఎంచుకున్నాడు. పందొమ్మిది వందల ఏళ్ల కిందటిది. పెద్ద కూజా, చుట్టూ ఎనిమిది డ్రాగన్లు, కింద ఎనిమిది కప్పలు. నేల అదిరితే ఒక డ్రాగన్ నోట్లోంచి గోలీ జారి కప్ప నోట్లో పడుతుంది. భూకంపం ఎటు నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఇక ఆఫీసులో మాదిరే రోజూ గరాజ్‌లో స్టాండప్ మీటింగే! డిజైన్ నీరజ్‌ది, టెస్టింగ్ నాది. టెస్టింగ్ అంటే కూజా పక్కన నిలబడి ఎగరడం. తొంభై కిలోల వాణ్ని, ఒక్క గెంతుకి ఎనిమిది కప్పల నోళ్లూ నిండాయి. డిఫెక్ట్ అని రాసుకున్నాడు నీరజ్. యంత్రానిదో నాదో అడగలేదు నేను.

మధ్యలో సంహిత వచ్చి జల్లెడ కావాలంది. డెడ్‌లైన్ ముంచుకొస్తుంటే ఈ ఆటలేమిటమ్మా అని ఇద్దరం కసిరి లోపలికి పంపాం.

మా నాన్నకి నేను ఏ తరగతో తెలిసేది కాదు. హెడ్మాస్టరు అడిగితే, "ఏదో ఒకటి చదువుతున్నాడు లెండి" అని గేదెను తోలుకుపోయాడు. ఎంత నష్టపోయాడు పాపం! ఒక్క కప్పకైనా రంగెయ్యకుండానే పోయాడు.

ప్రదర్శన రోజున కూజాకి సీట్‌బెల్ట్ పెట్టి మరీ స్కూల్‌కి తీసుకెళ్లాం. తీరా చూస్తే సంహిత బల్ల మీద అప్పటికే ఏదో ఉంది. వంకరటింకరగా, మట్టిరంగులో, దిబ్బరొట్టె మందాన. ఓ మూల ఇంకా తడి ఆరలేదు. మీద తన పేరు రాసుకుంది. టీచరు దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టి, ఎలా చేశావని అడుగుతోంది. బాత్రూమ్ బకెట్లో అట్టలు నానబెట్టడం, కిటికీ దోమతెర ఊడదీసి దాని మీద ఆరబెట్టడం, రెండుసార్లు చిరిగిపోవడం, పిల్ల ఊపిరి తిప్పుకోకుండా చెబుతోంది.

నీరజ్ కూజాను కావలించుకుని నిలబడ్డాడు. "అది తీసెయ్ అమ్మా, దీనికి ప్లేస్ చాలదు."

సంహిత కాగితం మీద చెయ్యి వేసింది.

"నువ్వు సిక్స్త్ గ్రేడ్ ఆల్రెడీ చేసేశావ్ డాడీ. ఇప్పుడు నేను చేస్తా."