గోడ లేని బడికి గేటు

పదేళ్ల పిల్లకు ఒకే ఏడాదిలో నాలుగు ఎంట్రన్సులు పెట్టించిన మహానుభావులెవరో నాకు తెలియదు. తెలిస్తే వాళ్ల కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకునేవాణ్ని!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. పూర్వం ప్రభుత్వ బడి అంటే ఏముండేది? వయసు రాగానే పిల్లను చంకనేసుకుని పోవడం, సారుకు అప్పజెప్పడం, ఇంటికొచ్చి మజ్జిగ తాగి పడుకోవడం. అందులో థ్రిల్ ఉందా? సస్పెన్స్ ఉందా? ఇప్పుడు చూడండి. నవోదయకు ఒక పరీక్ష, గురుకులానికి ఒకటి, మోడల్ స్కూలుకు ఒకటి, సైనిక్ స్కూలుకు ఇంకొకటి. అన్నీ ప్రభుత్వానివే, అన్నీ మంచివే. అందరికీ చోటు లేకపోవడమే వాటి అందం.

ఈ పరీక్షలు పిల్లలకోసమని మీరనుకుంటున్నారేమో. కాదండీ, ఇంటిల్లిపాదికోసం. నమ్మకపోతే ఎమ్మిగనూరు రండి, శివశంకర్ ఇల్లు చూపిస్తాను.

శివశంకర్‌ది మగ్గం పని. వాళ్ల నాయన దిగిన మగ్గం గుంతలోకే తానూ దిగాడు. ఏ రంగు నూలిస్తే ఆ రంగు నేశాడు, ఏ సంబంధం చూపిస్తే ఆ సంబంధం చేసుకున్నాడు. బతుకులో దేన్నీ ఎంచుకోవాల్సిన అవసరం ఆయనకు రాలేదు. అట్లా సుఖంగా ఉన్న మనిషికి ఐదో తరగతి చదివే కూతురుంది, పేరు రూప. వీధి చివరున్న బడి ఆమెది. ఎనిమిదో తరగతి దాకా ఉన్న బడే. కానీ ఐదు అవగానే అందరూ ఏదో ఒక ఎంట్రన్సు రాసి వెళ్లిపోతుంటే ఆరో తరగతి బెంచీల మీద దుమ్ము చదువుకుంటోంది. ఈసారి కూడా పిల్లలు చేరకపోతే ఆరో తరగతి ఎత్తేసి దూరంగా ఉన్న వేరే బడిలో కలిపేస్తామని పైనుంచి కబురొచ్చింది.

ఆ బడిలో ఇశ్రాయేలు సారని ఒకాయన ఉన్నాడు. సాయంత్రం బడి వదిలాక పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఎంట్రన్సు లెక్కలు చెబుతాడు. ఆయన ఎంత బాగా చెబితే అంతమంది పాసవుతారు. ఎంతమంది పాసైతే అంతమంది ఆయన్ను వదిలి పోతారు. కూర్చున్న కొమ్మను ఇంత ఓపికగా, ఇంత ప్రేమగా నరుక్కునే మనిషిని నేను చూడలేదు!

సరే, మొదలుపెట్టింది ఎంట్రన్సుల గొప్పతనం సంగతి కదా. రూప పరీక్షలకు కూర్చున్న ఆ ఏడాది ఆ ఇంట్లో విజ్ఞానం వరదలెత్తింది. అవ్వ రుద్రమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా జవాబు పత్రంలో సున్నాలు నిండుగా దిద్దాలని, సగం దిద్దితే మార్కు రాదని మనవరాలి దగ్గర వింది. అప్పట్నుంచి వాకిట్లో ముగ్గు చుక్కలన్నీ గుండ్రంగా, నల్లబొగ్గుతో, ఎక్కడా సందు లేకుండా దిద్దడం మొదలుపెట్టింది. తల్లి సునందను ఇవాళ కూరేమిటని అడిగితే నాలుగు ఆప్షన్లు ఇచ్చేది. ఎ, వంకాయ కూర. బి, వంకాయ పులుసు. సి, నిన్నటి వంకాయ. డి, పైవేవీ కావు. డి అన్నవాళ్లకు ఆ పూట నెగటివ్ మార్కులు, అంటే పస్తు.

శివశంకర్ మాత్రం బొమ్మల ప్రశ్నల్లో పడ్డాడు. త్రికోణం, సున్న, త్రికోణం, తర్వాత వచ్చే బొమ్మ ఏది? ఆ ఆలోచనలోనే ఉండి ఒక తువ్వాలు అంచులో త్రికోణం, సున్న, త్రికోణం నేసి, పక్కన ఖాళీ వదిలేశాడు. ఇదేమని అడిగిన షావుకారుతో, "ఆడ ఏమొస్తాదో నువ్వే సెప్పల్లప్పా," అన్నాడట. ఆ షావుకారు ఇంకా ఆలోచిస్తున్నాడని విన్నాను.

ఇక యాత్రల మాట చెప్పాలా! ఒక పరీక్ష ఆదోనిలో, ఇంకొకటి ఆలూరులో. పెళ్లయ్యాక ఊరు దాటని సునంద షేర్ ఆటోలో ఆలూరు దాకా వెళ్లొచ్చింది. ఎనిమిదిమంది పట్టే ఆటోలో పదిహేనుమంది, వాళ్లలో పదిమంది హాల్‌టికెట్లు పట్టుకున్న పిల్లలూ వాళ్ల తల్లులూ. ఏ టూరిజం శాఖ చేయగలిగిందండీ ఇంత పని?

ఫలితాలు వచ్చాయి. సైనిక్ స్కూలు తప్పింది. దేశాన్ని వేరేవాళ్లు చూసుకుంటారులే అని రుద్రమ్మ సరిపెట్టుకుంది. మిగిలిన మూడింట్లోనూ రూపకు సీటొచ్చింది! వీధంతా చక్కెర పంచారు. ఆ రాత్రి నుంచి శివశంకర్‌కు అన్నం సయించలేదు.

ఎందుకంటే ఇప్పుడు ఎంచుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఎవరో ఇచ్చిన రంగే నేసినవాడికి మూడు రంగులు ముందు పెట్టి, "ఒకటి తీసుకో, తప్పు తీసుకుంటే నీ బిడ్డ బతుకు పాడు," అంటే ఎట్లా ఉంటుంది? పైగా ఆయన కడుపులో ఇంకొక బాధ ఉంది. రూప మగ్గం పక్కన కూర్చుని, దాని చప్పుడుకు తగ్గట్టు ఎక్కాలు చెబుతుంది. ఆ ఎక్కాలు వినపడని ఇంట్లో మగ్గం తొక్కడానికి తన కాళ్లు ఆడవని ఆయనకు తెలుసు. బిడ్డను హాస్టలుకు పంపాలని ఆయనకు లేనే లేదు. కానీ సీటొచ్చిన బిడ్డను ఆపిన తండ్రి అనిపించుకునే ధైర్యమూ లేదు.

అప్పుడు దిగాడు బామ్మర్ది హరికృష్ణ. ఆదోని పత్తి మార్కెట్లో గుమస్తా. బడుల విషయంలో ఆయనదొక సిద్ధాంతం. "సూడు బావా, బడికి గోడ ఎంత ఎత్తుంటే సదువు అంత గొప్పగా ఉంటాది. లోపలికి పోవడం ఎంత కష్టమైతే అంత మంచి బడి. నవోదయకే పంపల్ల."

ఆయన వచ్చిన పొద్దునే వీధిలో పడుగుకు గంజి పెట్టే పని ఉంది. ఈ పని ఇప్పుడు చేసేవాళ్లు తక్కువ, అందుకని కాస్త చెబుతాను. నేయబోయే నిలువు దారాలన్నిటినీ వీధి పొడవునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద కుంచెతో ఒకే దిక్కుగా దువ్వుకుంటూ పోవాలి. గంజి ఆరేదాకా చెయ్యి ఆగకూడదు. ఆగితే దారాలు ఒకదానికొకటి అతుక్కుని పడుగంతా అట్టలా బిగుస్తుంది. కుంచె పట్టినవాడు మధ్యలో వదిలేసి పోలేడు కాబట్టి మా చేనేత వీధుల్లో సలహాలివ్వడానికి ఇంతకంటే మంచి సమయం లేదు.

హరికృష్ణ చేతికి ఒక కుంచె ఇచ్చారు. ఎదురుగా ఇంకో కుంచెతో వీధి పెద్ద పెద్దయ్య.

"గోడలు తింటాదా పాప?" అన్నాడు పెద్దయ్య. "గురుకులంలో గుడ్డు పెడ్తారు. మా మనవడు పోయినప్పుడు ఈతపుల్ల మాదిరి ఉండె, ఇప్పుడు సూస్తే వాకిట్లో పట్టడు."

"మోడల్ స్కూలైతే సందకాడ ఇంటికొస్తాది," అని గడప మీదనుంచి సునంద అరిచింది.

అంతే, వీధి మూడు పార్టీలైంది. నవోదయ పార్టీ పడుగుకు ఎడమ పక్క, గురుకులం పార్టీ కుడి పక్క. మోడల్ స్కూలు పార్టీలో ఆడవాళ్లందరూ ఉన్నారు కాబట్టి దానికి పక్కలతో పని లేదు, ఇళ్లల్లోంచే గెలుస్తోంది. నరసన్న అనే ఒకాయనకు పిల్లలే లేరు, ఆయన మూడు పార్టీల తరఫునా మాట్లాడాడు. శివశంకర్ గంజి కుండ పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు.

"ఏమప్పా శివా, ఒక మాట సెప్పు. యాడికి పంపుతాండావు?" అన్నాడు పెద్దయ్య.

అందరూ ఆగారు. కుంచెలు గాలిలో ఆగాయి. శివశంకర్ నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. మే నెల ఎండ ఎవరి జవాబు కోసమూ ఆగదు. ఆయన మూడోసారి నోరు తెరిచేసరికి పడుగు టపటపమంది. చూస్తే ఏముంది? ఈ కొసనుంచి ఆ కొస దాకా బిగుసుకుపోయింది. తడితే మద్దెలలా మోగింది!

చరిత్రలో స్కూల్ అడ్మిషన్ వల్ల చెడిపోయిన పడుగు ఇదొక్కటే అయ్యుంటుంది.

ఇక చేసేదేముంది? పార్టీలు రద్దయ్యాయి. తలా ఒక చెంబు నీళ్లు తెచ్చి, తడుపుకుంటూ, ఒక్కొక్క దారాన్నే గోటితో విడదీస్తూ వీధంతా వరసగా కూర్చుంది. గొడవ విని వచ్చిన ఇశ్రాయేలు సారూ కూర్చున్నాడు. సన్నటి వేళ్లతో అందరికంటే చురుగ్గా విడదీస్తున్న రూప తలెత్తకుండానే అడిగింది.

"నాయనా, నేను పాసైన లెక్కలన్నీ నాకెవరు సెప్పినారు?"

"ఇశ్రాయేలు సారు."

"సారు యాడ సెప్తాడు?"

"ఈడనే, మన బడిలో."

"మల్ల నన్ను యాడికి పంపుతాండారు?"

ఈ ప్రశ్నకు ఎ, బి, సి, డి ఇవ్వలేదు కాబట్టి ఎవరికీ జవాబు తెలియలేదు. ఇశ్రాయేలు సారు మాత్రం తల దించుకుని, అప్పటికే విడదీసిన దారాన్నే మళ్లీ విడదీస్తూ కూర్చున్నాడు. శివశంకర్‌కు గుండెల మీదనుంచి బండ దించినట్టైంది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది.

"పాప ఈడనే సదువుతాది," అన్నాడు. బతుకులో ఆయన ఎంచుకున్న మొదటిది అదే.

హరికృష్ణ ఎగిరిపడ్డాడు. "మూడు సీట్లు కొట్టి మేకలు తిరిగే బడికా బావా? దానికి గోడే ల్యా! ఎవురొస్తే వాళ్లు లోపలికి పోయే బడి అది!"

"పాపొక్కతే ఉంటే ఆరో తరగతి ఉంచరప్పా," అన్నాడు ఇశ్రాయేలు సారు కూడా, మెల్లగా. "ఇంకా పిల్లోళ్లు రావల్ల."

పెద్దయ్య గడ్డం గోక్కున్నాడు. మూలపడ్డ తన పాత మగ్గం ఆయనకు గుర్తొచ్చింది. మర్నాడు దాని చట్రం విప్పించి, రెండు గుంజలు నాటించి, అడ్డంగా పలకలు కొట్టించి, బడి ముందర ఒక గేటు నిలబెట్టించాడు. గోడ లేదు. ఒట్టి గేటే! దానికో తాళం. పైన బోర్డు: 'ఆరో తరగతి ప్రవేశానికి ఎంట్రన్సు కలదు. సీట్లు పరిమితం.'

"గవర్మెంటు బడిలో ఎవర్నీ ఆపకూడదు, రూలుండాది," అని ఇశ్రాయేలు సారు బోర్డు దించబోయాడు.

"ఆపేదెవురు సారూ? గేటు ముందర కొంచేపు నిలబెట్టేదే కదా!"

ఎంట్రన్సులో ఒకటే ప్రశ్న. నీ పేరేమి? చెప్పినవాళ్లందరూ పాస్. సిగ్గుపడి చెప్పలేనివాళ్లు మెరిట్‌లో పాస్.

వారం తిరక్కుండా ఎమ్మిగనూరంతా ఆ గేటు ముందుంది. నిన్నటిదాకా ఆ బడి ముందునుంచే ముక్కు తిప్పుకుని పోయినవాళ్లు తెల్లవారకముందే వచ్చి లైను కట్టారు. కోచింగ్ ఎక్కడ ఇస్తారని కొందరడిగారు. పోయినేడాది కటాఫ్ ఎంతని ఇంకొకరు. తన కొడుకు పేరు కాస్త పొడుగుందని, ఎక్స్‌ట్రా టైమిస్తారా అని ఒక తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. లైనులో అందరికంటే ముందు ఎవరున్నారనుకున్నారు? ఆదోని నుంచి మొదటి బస్సుకొచ్చిన హరికృష్ణ, కొడుకు చెయ్యి పట్టుకుని!

"బావా, సారుతో ఒక మాట సెప్పు. మావోడు ఈడ నీ ఇంట్లో ఉండి సదువుతాడు. ఈడ సీటు దొరకడం శానా కష్టమంట కదా!"

ఆరో తరగతి నిండింది. ఎత్తేస్తామన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. శివశంకర్ మగ్గం దగ్గర ఎక్కాలు వినపడుతూనే ఉన్నాయి. తువ్వాళ్ల అంచులు సరిగ్గానే వస్తున్నాయి.

అందుకే అంటున్నాను, ఎంట్రన్సు మహా గొప్పది! ప్రతి బడికీ ఒక గేటు పెట్టి తాళం వేస్తే చాలు, చదువు దానంతటదే బాగుపడుతుంది. లోపల సారున్నాడా లేడా అని చూడటం పాతకాలపు పద్ధతి.

ఆ వీధి మేకలు మాత్రం ఏ ఎంట్రన్సూ రాయకుండా, రోజూ గేటు పక్కనుంచే తాపీగా లోపలికి వెళ్లి వస్తున్నాయి. పిల్లలందరూ కూడా అట్లాగే పోవచ్చు కదా అని దయచేసి ఎవరితోనూ అనకండి. అన్నారంటే మళ్లీ బడి ఖాళీ అయిపోతుంది!