మొండి బాకీలకు మంచి ముహూర్తం

ఆ శుక్రవారం పొద్దున సుబ్రమణి వేసుకున్న పథకం చాలా చిన్నది. మత్తిగిరిలోని కొత్త ఇంటి వరండాలో కూర్చుని కాఫీ తాగాలి. స్కూటరెక్కి అత్తిముగం వెళ్ళాలి. దారిలో మారప్ప ఇంటి ముందు ఆగి, బోరు మోటారుకని అతను తీసుకున్న అప్పులో కనీసం ఒక్క కంతైనా రాబట్టాలి. పదింటికల్లా బ్యాంకు తలుపులు తెరవాలి. ఇందులో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

తొంభైల చివరి రోజులవి. సుబ్రమణి ఒక వాణిజ్య బ్యాంకుకు అత్తిముగం శాఖ మేనేజరు. ఆ శాఖ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నష్టంలోనే ఉంది. మార్చి ఆఖరుకు లాభం కనపడకపోతే శాఖను మూసేస్తామని, ఖాతాలన్నీ సూలగిరిలో కలిపి, సుబ్రమణిని సముద్రం ఒడ్డున ఏదో ఊరికి పంపిస్తామని కృష్ణగిరి నుంచి ప్రాంతీయ మేనేజరు ప్రసాదు ఫోన్ చేసి చెప్పాడు. ఇంట్లో గృహప్రవేశపు మామిడాకులు ఇంకా పూర్తిగా ఎండలేదు. మూడు చోట్ల రాయి తగిలి, నాలుగో చోట బోరులో నీళ్ళు పడ్డాయి.

"తియ్యటి నీళ్ళు పడిన ఇల్లు ఇడిసిపెట్టి ఉప్పు నీళ్ళ కాడికి నేను రాను. సముద్రం చూడాలంటే సెలవుల్లో పోదాము," అని సుబ్రమణి భార్య పవిత్ర తేల్చి చెప్పింది. సుబ్రమణికి కూడా పోవాలని లేదు. ఇల్లంటే అతనికి ఎంత ప్రాణమంటే, రోజూ ఆఫీసుకు బయలుదేరేటప్పుడు గేటు వేసి, మళ్ళీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాడు.

బ్యాంకుకు లాభం ఎట్లా వస్తుందో అతనికి ఎవరూ చెప్పలేదని కాదు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో వాణిజ్య బ్యాంకుల లాభాలను నిర్ణయించే అంశాల గురించి ప్రసాదు గారే కృష్ణగిరిలో ఒక మధ్యాహ్నం ఉపన్యాసం ఇచ్చారు. అంతకు ముందు మంచి భోజనం పెట్టారు. పాయసం కూడా ఉంది. మొదటి అంశం మొండి బాకీలు అన్నంత వరకు సుబ్రమణి శ్రద్ధగా విన్నాడు. తర్వాత చప్పట్లు వినపడి లేచాడు. మొదటిది తెలిస్తే చాలు, మిగతావన్నీ దాని వెంట వచ్చేవే అని అతని నమ్మకం. నిజానికి అతను ఏ విషయంలోనైనా మొదటి మాట వినగానే బయలుదేరే మనిషి.

మారప్ప ఇంటి ముందు ఆవుకు మేత వేస్తున్నాడు. మేనేజరును చూసి తువ్వాలుతో మంచం దులిపి కూర్చోబెట్టాడు. పెద్దమనిషి. మర్యాదకు ఎప్పుడూ లోటు చేయలేదు. కట్టడం ఒక్కటే లేదు.

"ఏమప్పా మారప్పా, ఈ పొద్దన్నా ఒక కంతు కడతావా?"

"కట్టేదానికి నాకేమి అడ్డం సారూ! ఈ పొద్దు శుక్రవారమాయె. శుక్రవారం ఇంట్లో దుడ్డు గడప దాటితే లచ్చుమి దాని ఎనకాలే పోతాది."

"సరే, రేపు కట్టు."

"శనివారం చేతి నుంచి చేతికిస్తే నా శని మీకు చుట్టుకుంటాది. మీరు మంచోళ్ళు, మీకట్లా చేస్తానా?"

"సోమవారం?"

"ఒంటిపొద్దు సారూ. ఆ పొద్దు దుడ్డు ముట్టను."

"మరి ఎప్పుడు కడతావప్పా? క్యాలెండర్లో నీకు పనికొచ్చే రోజు ఒకటైనా ఉండాదా?"

"ఎందుకు లేదు? మైత్ర ముహూర్తం పడల్ల. ఆ గడియలో కడితే అప్పు మళ్ళీ మన మొగం చూడదంట. శేషప్పనడగండి, ఆయనకంతా తెలుసు."

మారప్ప తప్పించుకోవడానికే ఆ మాట అన్నాడు. సుబ్రమణి దాన్ని పట్టుకుని స్కూటరెక్కాడు.

శేషప్ప ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ జాతకాలు చూసే పెద్దాయన. పంచాంగం తిరగేసి, వేళ్ళు మడిచి లెక్క కట్టి, "వచ్చే మంగళవారమే పడతా ఉండాది. అశ్విని నక్షత్రం, మేష లగ్నం. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది లోపల అప్పు కడితే జన్మలో మళ్ళీ అప్పు కాడికి పోరు," అన్నాడు.

"అయ్యా, ఈ మాట పాల సొసైటీ కాడ అందరికీ చెప్పండి. మీకు పుణ్యముంటుంది," అని సుబ్రమణి దండం పెట్టి బయటికొచ్చాడు. వెనక నుంచి శేషప్ప, "సారూ, ఇంకో మాట, ఎంత కట్టల్ల అనేది..." అంటూ ఉండగానే స్కూటరు స్టార్టయింది.

మంగళవారం ఏడుంబావుకే బ్యాంకు తెరిచారు. క్యాషియరు లక్ష్మీప్రియ ఆవులిస్తూ వచ్చి, "పెండ్లి ముహూర్తానికి కూడా నేను ఇంత తొందరగా లేయలేదు సార్," అంది. కానీ బయట వరుస చూసి ఆమె నిద్ర ఎగిరిపోయింది. జనం తలస్నానాలు చేసి, విభూతి పెట్టుకుని, తాంబూలాలతో వచ్చారు. రెండేళ్ళుగా సుబ్రమణి కనపడితే చెరుకు తోటలో దూరే వాళ్ళంతా ఆ వరుసలో ఉన్నారు. అతనికి కళ్ళు చెమర్చాయి. పవిత్రకు ఫోన్ చేసి, "మనం యాడికీ పోము," అని చెప్పేశాడు.

సరిగ్గా ఏడున్నరకు మారప్ప ముందుకొచ్చి, కౌంటరు మీద పసుపు రాసిన పదకొండు రూపాయలు పెట్టాడు.

"మిగిలింది?" అని అడిగాడు సుబ్రమణి.

"మిగిలింది అదే పోతాది సారూ. ముహూర్తంలో అసలుకు కొంచెం కడితే చాలు, తక్కిందంతా దానంతట అదే కరిగిపోతాది. శేషప్ప చెప్పలేదా మీకు?"

చెప్పబోయాడు. సుబ్రమణే వినలేదు.

మారప్ప వెనక ఉన్నవాళ్ళందరూ అదే లెక్కన కట్టారు. ఒకరు పదకొండు, ఒకరు ఇరవై ఒకటి. కొంచెం పలుకుబడి ఉన్నవాళ్ళు నూట పదహార్లు. ప్రతి ఒక్కరికీ చలానా రాయాలి, సంతకం చేయించాలి. వేలిముద్ర వేసినవాళ్ళ పక్కన సాక్షిగా సుబ్రమణే సంతకాలు పెట్టాడు. ముహూర్తం దాటిపోతుందని జనం తొక్కుకుంటుంటే, చూపిన చోటల్లా చేయి నొప్పి పుట్టేదాకా పెట్టాడు.

అసలు దెబ్బ తర్వాత వచ్చింది. ధనశేఖర్ కారు దిగాడు. అత్తిముగం దగ్గర గులాబీ తోటలు వేసి విమానాల్లో పూలు పంపే మనిషి. ఆ శాఖలో నెలనెలా వడ్డీ కట్టే పెద్ద బాకీదారు ఆయనొక్కడే. సుబ్రమణి జీతంతో సహా శాఖ ఖర్చంతా ఆ వడ్డీ మీదే నడిచేది.

"సగం సగం పనులు నాకు చేతకాదు సార్. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు పూలు బాగా పోయినాయి. మొత్తం తెచ్చినాను. అసలు, వడ్డీ, అంతా కట్టేసుకోండి," అని సూట్‌కేసు తెరిచాడు.

"మీకెందుకు సార్ తొందర? మీది మంచి అప్పు!" అని సుబ్రమణి బతిమాలాడు.

"అప్పులో మంచిదేముంటాది సార్? ముహూర్తం పెట్టించింది మీరే గదా?"

ఆయన్ను చూసి నగలు కుదువ పెట్టిన ఆడవాళ్ళకు ఊపొచ్చింది. మునిలక్ష్మమ్మ ముందు నిలబడి కాసులపేరు విడిపించుకుంది. ఆమె వెనక ఊరి బంగారమంతా బీరువా నుంచి మెడల్లోకి వెళ్ళిపోయింది. అంతటితో ఆగలేదు. ముహూర్తం ఎలాగూ ఉంది కదా అని, జనం ఒకరికొకరు ఇవ్వాల్సిన చేబదుళ్ళు కూడా బ్యాంకు వరండాలోనే ఇచ్చేసుకున్నారు. పుచ్చుకున్నవాళ్ళు చేతిలో డబ్బు పెట్టుకుని ఏం చేస్తారు? అక్కడికక్కడే ఎక్కువ వడ్డీకి ఫిక్సెడ్ డిపాజిట్లు వేశారు. తొమ్మిదింటికి లక్ష్మీప్రియ నోట్ల కట్టల వెనక కనపడలేదు.

మధ్యాహ్నం సుబ్రమణి ఫోన్ చేస్తే ప్రసాదు మొదట మురిసిపోయాడు. "ఒక్క పూటలో బాకీదారులందరూ కట్టారా? శభాష్ సుబ్రమణీ!" వివరాలు విన్నాక వచ్చిన మాటలు ఫోను చెవికి దూరంగా పెట్టినా వినపడ్డాయి.

"వడ్డీ కట్టేవాడిని పంపించేసినావు! కట్టని వాళ్ళను ఉంచుకున్నావు! ఊరి డబ్బంతా తెచ్చి వడ్డీకి నెత్తిన పెట్టుకున్నావు! ఊరికే పడున్న డబ్బు బ్యాంకును తినేస్తుందని నాలుగో అంశంలో చెప్పినాను గదయ్యా! యాడున్నావు నువ్వు అప్పుడు?"

"పాయసం..." అని సుబ్రమణి ఏదో చెప్పబోయి మానేశాడు.

మార్చి ఆఖరుకు ఇంకా రెండు వారాలుంది. డబ్బు ఊరికే పడి ఉండకూడదు కాబట్టి దాన్ని అప్పులుగా ఇచ్చేయాలని సుబ్రమణి తీర్మానించాడు. స్కూటరేసుకుని ఇంటింటికీ తిరిగాడు. ధనశేఖర్ చెవులు మూసుకున్నాడు. మైత్రంలో తీర్చి మళ్ళీ అప్పెత్తితే ఏమవుతుందో శేషప్ప అప్పటికే అందరికీ భయంకరంగా వర్ణించి ఉన్నాడు. మునిలక్ష్మమ్మ అయితే మెడలో కాసులపేరు కొంగు కింద దాచుకుని, "ఏంటికి సారూ ఇట్లా తిరగతా ఉండారు? ఇంట్లో అంతా బాగుండారా?" అని అడిగింది.

"అప్పు తీసుకోమ్మా, తక్కువ వడ్డీకే ఇస్తాము. నీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు సుబ్రమణి.

ఆ ఊళ్ళో బ్యాంకు మేనేజరు కాళ్ళు పట్టుకునే మనుషులున్నారు గానీ, మేనేజరే కాళ్ళు పట్టుకుంటాననడం ఎవరూ ఎరగరు. సాయంత్రం పాలు పోసే వేళకు పాల సొసైటీ దగ్గర ఒకటే మాట: బ్యాంకుకు ఏదో అయింది, లేకపోతే ఆయనకంత కష్టం ఎందుకొస్తుంది? మర్నాడు పొద్దున మళ్ళీ వరుస కట్టారు. ఈసారి విభూతి లేదు, తాంబూలాల్లేవు. వేసిన డిపాజిట్లే కాదు, ఎప్పటి నుంచో ఉన్నవి కూడా తీసేసుకున్నారు. డబ్బు చాలక హోసూరు నుంచి జీపులో తెప్పించాల్సి వచ్చింది.

మార్చి ముప్పై ఒకటికి అత్తిముగం శాఖలో డిపాజిట్లు లేవు, మంచి అప్పులు లేవు, నగల్లేవు. మిగిలింది పదకొండేసి రూపాయలు కట్టిన మొండి బాకీదారులు. సుబ్రమణి రాత్రి ఇంటికొచ్చి, పవిత్రకు మొహం చూపించలేక బోరు దగ్గర నిలబడి, ఒక గ్లాసు నీళ్ళు పట్టుకుని నిదానంగా తాగాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఏప్రిల్ మొదటి వారంలో ప్రసాదు జీపు దిగాడు. శాఖ మూసివేత కాగితాలు చేతిలో ఉంటాయనుకుని సుబ్రమణి లేచి నిలబడ్డాడు. ప్రసాదు మొహంలో కోపం లేదు. ఎవరో వీపు మీద తట్టి పారిపోతే ఎవరో తెలియక దిక్కులు చూసేవాడిలా ఉన్నాడు.

"కూర్చో సుబ్రమణీ. హెడ్డాఫీసు వకీలు ఒక మాట చెప్పినాడు. నీ మొండి బాకీలన్నిటికీ మూడేళ్ళ గడువు ఈ మార్చితో అయిపోవాల్సింది. గడువు దాటితే కోర్టులో చెల్లవు, మొత్తం నష్టంలో రాసుకోవాల్సిందే. అయితే, గడువు లోపల బాకీదారుడు సంతకం పెట్టి ఒక్క రూపాయి కట్టినా ఆ అప్పు మళ్ళీ మొదటి నుంచి మూడేళ్ళు బతుకుతాదంట."

"ఒక్క రూపాయా సార్?"

"వీళ్ళు పదకొండు కట్టినారు. అప్పు కరిగిపోతుందని కట్టి, చచ్చిపోయే అప్పుకు ప్రాణం పోసినారు. ఇప్పుడు అవి నష్టంలో రాసే పని లేదు. డిపాజిట్లు లేవు కాబట్టి మనం ఎవరికీ వడ్డీ ఇచ్చే పనీ లేదు. మన ప్రాంతంలో ఈ ఏడు నష్టం తగ్గిన శాఖ నీదే. ఎందుకో నన్నడగొద్దు, నా ఉపన్యాసంలో ఇది లేదు."

ప్రసాదు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇంకోటి. ఆ వేలిముద్రల చలానాలన్నిటి మీద సాక్షి సంతకం నీది. కేసులు తేలేదాకా నిన్ను ఈడ నుంచి కదిలించొద్దని వకీలు రాసినాడు. శాఖను కూడా," అన్నాడు.

ఈసారి సుబ్రమణి మొదటి మాటకే లేచి పోలేదు. చివరిదాకా కూర్చుని, అన్నీ విని, రెండోసారి కూడా చెప్పించుకున్నాడు.

సాయంత్రం ఇంటికి పోతూ మారప్ప ఇంటి ముందు స్కూటరు ఆపాడు. కోర్టు సంగతి అతనికి చెప్పడం న్యాయమనిపించింది. మారప్ప అంతా విని, గడ్డం గోక్కుని, ఏమీ బాధపడలేదు.

"మూడేళ్ళకు మళ్ళీ మైత్రం పడుతుంది లే సారూ. అప్పుడు ఇంకో పదకొండు కడతాను. మేము మొత్తం కట్టేసుంటే ఈపాటికి మీరు యాడుండేవాళ్ళో ఆలోచించినారా?"

సుబ్రమణి ఆలోచించాడు. ఆలోచించి, మారప్పను ఊరి చివర హోటలుకు తీసుకుపోయి, ఇద్దరి టీకీ డబ్బులు తనే ఇచ్చాడు.