లింగప్ప సాక్సఫోన్‌కు కొత్త మెడ

ఆ రోజు లింగప్ప పథకం చిన్నది. స్నానం చేయాలి, సాక్సఫోన్ సంచి భుజాన వేసుకోవాలి, మొదటి బస్సుకు కళ్యాణదుర్గం చేరాలి, పెళ్ళి మండపం వెనుక నిలబడి కొత్త మెడతో కాసేపు ఊదాలి. అది గోవిందప్ప చెవిన పడితే చాలు.

గోవిందప్పది బ్యాండు సెట్టు. అందులో సాక్సఫోన్ వాయించేవాళ్ళు ఇద్దరు: లింగప్ప, ఓబులేష్. పెళ్ళివాళ్ళు డీజే వైపు మళ్ళడంతో ఈ సీజను నుంచి సాక్సఫోన్ ఒకటే చాలని గోవిందప్ప తేల్చాడు. ఎవరిని ఉంచుకునేదీ ఈ పెళ్ళి మెరవణిలో, అంటే ఊరేగింపులో, విని చెబుతానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి లింగప్పకు కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని అనిపిస్తోంది. అన్నం తింటూ కూడా ఎడమ చేతి వేళ్ళు తొడ మీద పాట వాయిస్తున్నాయి.

తన వాయింపులో లోపం లేదని అతని నమ్మకం. లోపం మెడది. నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌కూ సాక్సఫోన్ ఒంటికీ మధ్య వంగి ఉండే ఇత్తడి గొట్టాన్ని బ్యాండువాళ్ళు మెడ అంటారు. నోటి గాలి మొదట పోయేది అందులోకే. లింగప్ప మెడలోకి పోయిన గాలి సగం దూరం పోయి వెనక్కి తన్నేది. పై స్వరాలు పీలగా తేలేవి, కింది స్వరాల్లో గురక వినిపించేది. అందుకని బెంగళూరు నుంచి కొత్త మెడ తెప్పించాడు. అది నిన్న సాయంత్రం చేరింది. పక్కింట్లో చావు జరిగి మూడో రోజు కూడా కాలేదు, కాబట్టి ఊదలేదు. తగిలించి చూసుకుని, సంచిలో పెట్టి పడుకున్నాడు.

పొద్దున అతను సంచి ఎత్తుకుంటుంటే భార్య గంగాదేవి వంటింట్లోంచి వచ్చింది.

"ఏమయ్యో, ఆ సంచిలో..."

"బస్సు పోతాది. వచ్చినాంక చెప్పు."

"వచ్చినాంక చెప్పే మాటైతే ఇప్పుడెందుకు చెప్తా?"

లింగప్ప అప్పటికే వీధి మలుపు తిరిగాడు.

మండపం వెనుక, వంట పొయ్యిలకు దూరంగా నిలబడి సంచి విప్పాడు. మెడ ఎండకు మెరిసింది. తగిలించి ఊదాడు. గాలి ఎక్కడా ఆగలేదు. ఇంతకుముందు తలుపు తోసుకుని పోయినట్టుండేది, ఇప్పుడు తలుపే లేదు. పై షడ్జం పెదవి బిగించకుండా వచ్చింది. కిందికి దిగితే గురక లేదు. మెడ కింద మీట మీదున్న బొటనవేలికి అదురు తెలిసింది. లింగప్ప ఆపి, సాక్సఫోన్‌ను ఒకసారి చూసుకుని, మళ్ళీ ఊదాడు.

గోవిందప్ప టీ గ్లాసుతో బయటికి వచ్చాడు.

"ఎవురప్పా ఊదేది? మనోళ్ళేనా?"

"నేనే అన్నా."

"నువ్వా? మొన్నటిదాంకా గొంతులో సంగటి ముద్ద అడ్డం పడినట్ల ఊదుతాంటివి కదప్పా!"

"మెడ మార్చినా అన్నా. బెంగళూరుది. గాలి పెడితే దానంతకదే పోతాది."

"ఇట్లనే ఊదు. మెరవణి ముందర నువ్వే నిలబడు."

అరుగు మీద ఇడ్లీ తింటున్న ఓబులేష్ ప్లేటు కింద పెట్టాడు.

"గోవిందన్నా, ఇది న్యాయమేనా? నీకు నచ్చింది వాడా, వాడి మెడా?"

"మెడ ఒక్కటే ఊదుతాదా ఓబులేషూ?" అన్నాడు లింగప్ప.

"అయితే నాకియ్యి. నా దానికి తగిలిస్తా. మెడదో మనిషిదో తేలిపోతాది."

"ఇయ్యను."

"చూసినావా అన్నా? భయపడతాండాడు."

గోవిందప్ప టీ చివరి గుక్క తాగి గ్లాసు బోర్లించాడు. "ఇయ్యి లింగప్పా. ఒక్క పాట. నాక్కూడా తేలాల."

మెడ ఏ సాక్సఫోన్‌తో ఉంటే దానికే అరిగి కుదురుకుంటుంది. ఓబులేష్ సాక్సఫోన్‌లో అది వదులైంది. మర బిగించినా నిలవలేదు. ఊదితే అతుకు దగ్గర గాలి బుస్సుమంది. పెళ్ళికూతురి మేనమామ జయరాముడు అక్కడే నిలబడి చూస్తున్నాడు. అతను బోరు మోటార్లు బాగుచేస్తాడు. అనంతపురం జిల్లాలో నీళ్ళు లేని బోర్లు ఉన్నాయి గానీ, జేబులో టెఫ్లాన్ టేపు లేని బోరు మెకానిక్ లేడు.

"గాలి పోతాందా? తప్పుకోండి. నీళ్ళనే ఆపుతా, గాలెంత?"

అతను టేపు చుట్టాడు. చాలదని ఇంకా చుట్టాడు. మెడను అతుకులో పెట్టి, పైపు బిగించినట్టు ఒంటి బలమంతా వేసి తిప్పాడు.

"ఇంగ రాదు పో," అన్నాడు.

ఆ మాట నిజమైంది, మెడ ఇక ఊడి రాలేదు. ఓబులేష్ లాగాడు, లింగప్ప లాగాడు, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగారు. జయరాముడు పైపు రెంచి తెస్తానని బయలుదేరితే లింగప్ప అడ్డం నిలబడ్డాడు.

"రెంచి పెడితే అది మెడగా ఉండదు సామీ!"

అంతలో పెళ్ళికొడుకు జీపు ఎక్కాడని కబురొచ్చింది. లింగప్ప దగ్గర మిగిలింది ఓబులేష్ మెడ. మర మొత్తం వదులు చేస్తే అది సగం దూరి ఆగిపోయింది. ఆ సగం పొడవు మిగలడంతో శ్రుతి కిందికి పడింది. గాలి పెడితే చాలడం లేదు. శ్రుతి పైకి లాగాలని బిగించేసరికి పెదవి నొప్పి పుట్టింది. పక్కన ఓబులేష్‌కు గాలి అనుకున్నదానికంటే ముందే పోతోంది, స్వరం పైకి ఎగురుతోంది. ఇద్దరూ ఒకే పాట మొదలుపెట్టారు. విన్నవాళ్ళకు అలా తోచలేదు.

క్లారినెట్ నరసింహులు కాసేపు లింగప్పతో, కాసేపు ఓబులేష్‌తో పోయి, చివరికి క్లారినెట్ చంకలో పెట్టుకుని నడిచాడు. గోవిందప్ప చేత్తో ఒకరిని కిందికి, ఇంకొకరిని పైకి రమ్మని సైగ చేశాడు. ఇద్దరూ రెండో సైగనే చూశారు. మిద్దె మీద నుంచి తిమ్మమ్మ అనే ముసలామె కిందికి కేక వేసింది.

"ఎవురో కొట్లాడుకుంటాండారు, ఇడిపించండ్రా!"

హారతి కోసం జీపు ఆగింది. లింగప్ప జేబులో ఫోను అప్పటికి చాలాసార్లు మోగి ఉంది. డోలు మోతలో వినపడదని స్పీకరు నొక్కాడు.

"యాడుండావయ్యో?" గంగాదేవి గొంతు.

"మెరవణిలో."

"కొత్త మెడ దేవుని గూట్లోనే ఉండాది. పొద్దున్నే చెప్పబోతే ఇనకుంటివి."

"దేవుని గూట్లోనా?"

"కొత్త వస్తువు దేవునికి చూపించకుండా ఎవురైనా వాడతారా? తీసి కుంకుమ పెట్టినా. నీ సంచిలో ఉండేది పాతదే. బిందెలతో పాటు దాన్నీ చింతపండు ఏసి తోమినా. లోపలికి గుడ్డ దూర్చి లాగితే మసి మాదిరి వచ్చెనయ్యా. ఎన్నేండ్ల ఎంగిలో!"

డోలు ఆగింది. ఓబులేష్ మూతి తుడుచుకున్నాడు.

"అంటే నేనింతసేపు ఊదుతాండేది నీ పాత గొట్టమా?"

"నువ్వే కదా అడుక్కున్యావు!"

"అయితే మెడా కాదు, మనిషీ కాదు," అన్నాడు గోవిందప్ప. "చింతపండు! ఇద్దరూ ఇనండి. రేపట్నుంచి మీ మొగాలు నాకు చూపించొద్దు. నాకు నరసింహులు చాలు."

జనాన్ని తోసుకుంటూ పెళ్ళికొడుకు పెదనాయన గంగాధరప్ప వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఉంది. గోవిందప్ప చేతులు జోడించాడు.

"పొరపాటైపోయింది సామీ, వాళ్ళను తీసేసినా."

"తీసేసినావా? ఎందుకప్పా? డీజేలో కూడా ఇట్ల రాదే! ఒకటి ఈ పక్కకి, ఇంగోటి ఆ పక్కకి లాగుతాంటే కాళ్ళు నిలబడలేదు. మా పిల్లోళ్ళు ఈడియో తీసి అందరికీ పంపినారు. మా తమ్ముని బిడ్డ పెండ్లికీ మీరే రావాల. ఇద్దరూ రావాల. ఇట్లనే ఊదాల!"

గోవిందప్ప లింగప్ప వైపు చూశాడు, ఓబులేష్ వైపు చూశాడు, నరసింహులు చంకలోని క్లారినెట్ వైపు చూశాడు. జోడించిన చేతులు విడదీసి, కానీయండని సైగ చేశాడు.

ఆ సీజనుకు ఇద్దరూ ఉన్నారు. జయరాముడు చుట్టిన టేపును ఎవరూ ముట్టుకోకూడదని కట్టడి అయింది. కొత్త మెడ దేవుని గూట్లోనే ఉండిపోయింది. ఇద్దరి శ్రుతీ కలిసిన రోజున ఒకరిని పంపించేస్తానని గోవిందప్ప చెప్పాడు.